థియాక్రిన్: అడవి టీ ఆకు నుంచి జిమ్ డబ్బాలోకి

(డిగ్రీ విద్యార్థులు, వాళ్ళ తల్లిదండ్రుల కోసం ఏర్పాటు చేసిన సభలో ఒక ఫార్మకాలజీ అధ్యాపకుడి ప్రసంగం. రికార్డు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక గోడకి ఆనుకుని నిలబడ్డ పిల్లలూ, ఇటు పక్క కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, వచ్చి కూర్చోండి. కాస్త సేపు పడుతుంది.

ఈ రోజు మాట్లాడబోయేది థియాక్రిన్ గురించి. తల్లిదండ్రుల్లో చాలామంది ఈ పేరు విని ఉండరు. పిల్లల్లో జిమ్‌కి వెళ్ళేవాళ్ళు మాత్రం చూసే ఉంటారు. వర్కౌట్‌కి ముందు నీళ్ళలో కలుపుకుని తాగే పొడుల మీద, 'ఫోకస్' పెంచుతామని అమ్మే క్యాప్సూల్స్ మీద, కెఫీన్ పేరు పక్కన ఈ పేరు కనిపిస్తుంది. దాన్ని అమ్మేవాళ్ళు చెప్పేది ఏమిటంటే, కెఫీన్ లాగే హుషారు ఇస్తుంది, గుండె దడ తేదు, ఎన్నాళ్ళు వాడినా ఒంటికి అలవాటు పడదు. పైగా ప్రకృతి సహజం, అడవి టీ చెట్టులోది అంటారు.

నేను చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను. ఈ మాటలకు ఆధారం అసలు లేదని నేను అనను. ఉంది, కానీ చాలా పలచగా ఉంది. ఆ ఉన్న కాస్త ఆధారంలోనే మనం గట్టిగా పట్టించుకోవాల్సిన అంకె ఒకటుంది. ఈ పదార్థం ఒంట్లోంచి బయటికి పోవడానికి ఎంతసేపు పడుతుందన్న అంకె అది. ప్రకటనల్లో దాన్ని చెప్పరు. అక్కడికి వెళ్ళే ముందు చెట్టు సంగతి చూద్దాం.

టీ చెట్టు పుట్టిల్లు చైనా నైరుతి మూల, దాన్ని ఆనుకుని ఉన్న మయన్మార్, లావోస్ కొండలు, మన ఈశాన్యపు అడవులు. తోటల్లో నడుము ఎత్తున కత్తిరించి ఉంచుతారు కాబట్టి టీ అంటే మనకి పొద గుర్తొస్తుంది. కత్తిరించకుండా వదిలేస్తే అది చెట్టే. అస్సాంలో 1823లో రాబర్ట్ బ్రూస్ అనే బ్రిటిష్ వ్యాపారికి టీ చెట్లు చూపించింది సింగ్‌ఫో తెగ నాయకుడు బెస్సా గామ్. సింగ్‌ఫోలు ఆ ఆకుని వెదురు గొట్టాల్లో కూరి, పొగలో ఎండబెట్టి అప్పటికే తాగుతున్నారు. ఆ పెద్దాకు రకాన్నే శాస్త్రవేత్తలు అస్సామికా అంటారు. మన ఇళ్ళలో మరిగే టీపొడిలో ఎక్కువ భాగం ఆ కుటుంబానిదే.

దానికి దగ్గర చుట్టం ఒకటి చైనాలోని యున్నాన్ కొండల్లో పెరుగుతుంది. దాని పేరు కూచా. విపరీతమైన చేదు. జలుబు చేస్తే అది తాగితే మంచిదని అక్కడివాళ్ళ నమ్మకం. ఆ ఆకుని పరీక్షించినప్పుడు మామూలు టీలో దాదాపు కనిపించని ఒక ఆల్కలాయిడ్, అంటే కెఫీన్ లాగా మొక్కలు తయారు చేసుకునే పదార్థం, అందులో దండిగా ఉందని తేలింది. దాని రసాయన నామం 1,3,7,9 టెట్రామిథైల్‌యూరిక్ యాసిడ్. వాడుక పేరు థియాక్రిన్. కూచా లేత ఆకులు ఎండబెట్టి తూస్తే అందులో రెండు మూడు శాతం దాకా ఇది ఉంటుంది. కెఫీన్ కూడా ఉంటుంది, ఆ సంగతి మరిచిపోకండి.

ఇది ఒక్క కూచాలోనే లేదు. బ్రెజిల్‌లో కుపువాసు అనే పండు ఉంది, కోకో చెట్టుకి చెల్లెలి వరస. దాంట్లో ఇది ఉందని 1980 నాటికే తెలుసు. చైనా తూర్పు తీరంలో ఫుజియాన్ రాష్ట్రంలో హోంగ్యాచా అనే అడవి టీ ఉంది. అందులో థియాక్రిన్, కోకోలో ఉండే థియోబ్రోమిన్ ఉన్నాయిగానీ కెఫీన్ లేదని 2018లో ప్రకటించారు. పుట్టుకతోనే కెఫీన్ లేని టీ చెట్టు! వృక్షశాస్త్రం చదివే పిల్లలకి ఇది నిజంగా ఉత్సాహం కలిగించే సంగతి. ఇలాంటి చెట్లు అడవుల్లో కొద్దిగానే ఉన్నాయి. క్యాప్సూల్స్ కోసం వాటి మీద పడి ఆకు దూసే పరిస్థితి రాకూడదని నేను గట్టిగా కోరుకుంటాను. మార్కెట్లో దొరికే థియాక్రిన్‌లో ఫ్యాక్టరీలో తయారైంది కూడా ఉంటుంది, ఒక రకంగా చెట్లకి అది మేలు. కానీ డబ్బా మీద బొమ్మ మాత్రం పచ్చని టీ ఆకుదే ఉంటుంది.

చెట్టు దీన్ని ఎలా తయారు చేస్తుంది? ముందు కెఫీన్ తయారు చేస్తుంది. తర్వాత ఆ కెఫీన్‌కి ఒక ఆక్సిజన్ తగిలిస్తుంది, ఆపైన ఒక మిథైల్ గుంపు, అంటే ఒక కార్బన్, మూడు హైడ్రోజన్ల చిన్న ముక్క, తగిలిస్తుంది. అంటే థియాక్రిన్ కెఫీన్ నుంచే పుడుతుంది. చైనా, జపాన్, బ్రిటన్ శాస్త్రవేత్తలు కలిసి 2002లో ఈ దారిని కూచా ఆకుల్లో చూపించారు. ఆ చివరి మిథైల్ గుంపుని తగిలించే ఎంజైమ్, అంటే ఆ రసాయన చర్యని జరిపించే ప్రోటీన్, ఏదో 2020లో దొరికింది. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, కెఫీన్‌కీ దీనికీ సంబంధమే లేదన్నట్టు కొందరు అమ్ముతున్నారు. రెండూ ఒకే ఇంటివి. అందుకే కెఫీన్ గురించి నాలుగు మాటలు చెప్పకుండా థియాక్రిన్ గురించి చెప్పలేం.

కెఫీన్‌ని కాఫీ గింజల నుంచి మొదట వేరు చేసింది 1819లో, జర్మనీకి చెందిన రుంగే. అది పని చేసే తీరు మాత్రం చాలా కాలం తర్వాత అర్థమైంది. మనం మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పోగవుతూ ఉంటుంది. అది తన గ్రాహకాల మీద, అంటే రిసెప్టర్ల మీద చేరేకొద్దీ మనకి మత్తుగా, నిద్ర వస్తున్నట్టుగా ఉంటుంది. కెఫీన్ ఆకారంలో అడినోసిన్‌ని పోలి ఉంటుంది కాబట్టి ఆ రిసెప్టర్ల మీద అది ముందుగా చేరి అడినోసిన్‌కి చోటు లేకుండా చేస్తుంది. అలసట పోలేదు, అలసట కబురు మెదడుకి అందలేదు, అంతే. రోజూ ఇలా అడ్డుపడుతూ ఉంటే శరీరం సర్దుకుంటుంది. మొదట్లో ఒక కప్పుతో వచ్చిన హుషారు కొన్నాళ్ళకి రెండు కప్పులకి గానీ రాదు. మానేసిన రోజు తల పగిలిపోతుంది. ఆ తలనొప్పి ఆఖరి కప్పు తర్వాత 12 నుంచి 24 గంటల్లో మొదలై, కొందరికి వారం పైన కూడా ఉంటుంది. పండగ ఉపవాసం రోజు మధ్యాహ్నానికల్లా తలనొప్పితో కళ్ళు మూసుకుని పడుకునే పెద్దవాళ్ళు మన ఇళ్ళలో ఉంటారు. వాళ్ళని బాధపెట్టేది ఆకలి ఒక్కటే కాదు, పొద్దున్న తాగని కాఫీ కూడా.

కాబట్టి హుషారు ఉండి, అలవాటు లేని పదార్థం దొరికితే దాన్ని జనం కోరుకోవడంలో తప్పేమీ లేదు. పరీక్షలకి చదివే పిల్లలు, రాత్రి షిఫ్టులో అమెరికా వాళ్ళ వేళలకి పనిచేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, లారీ డ్రైవర్లు, ఆసుపత్రుల్లో నర్సులు, వీళ్ళందరికీ ఆ కోరిక ఉంటుంది. మరి థియాక్రిన్ అదేనా?

జంతువుల మీద జరిగిన పని దగ్గర మొదలుపెడదాం, ఎందుకంటే అక్కడే విచిత్రమైన సంగతి ఉంది. 2007లో చైనాలో ఎలుకపిల్లల సైజు ఉండే చిట్టెలుకలకి థియాక్రిన్ ఇచ్చి చూశారు. అవి మందకొడిగా తయారయ్యాయి, నిద్రమందు ఇస్తే ఎక్కువసేపు పడుకున్నాయి. ఇది నిద్రపుచ్చే గుణం ఉన్న ఆల్కలాయిడ్ అని పరిశోధన పేపరు పేరులోనే రాశారు. 2012లో అమెరికాలో ఎలుకలకి ఇంజెక్షన్‌గా ఇచ్చి చూస్తే అవి పరుగులు పెట్టాయి. అడినోసిన్ రిసెప్టర్లూ, మెదడులో ఉత్సాహానికి సంబంధించిన డోపమిన్ అనే పదార్థం రిసెప్టర్లూ రెండూ ఇందులో పాత్ర వహిస్తున్నాయని, ఏడు రోజులు వరసగా ఇచ్చినా ఆ ప్రభావం తగ్గలేదు, పెరగలేదు అని రాశారు. అలవాటు పడదన్న మాటకి మొదటి పునాది ఇదే, ఏడు రోజుల ఎలుకల పరీక్ష.

ఒకే పదార్థం ఒకచోట నిద్రపుచ్చింది, ఇంకోచోట పరుగెత్తించింది. జంతువు వేరు, మోతాదు వేరు, ఇచ్చిన దారి వేరు, కాబట్టి ఒకటి నిజమైతే ఇంకోటి అబద్ధమని నేను అనను. మోతాదుని బట్టి ఫలితం తలకిందులయ్యే పదార్థాలు మందుల శాస్త్రంలో ఉన్నాయి. కానీ ఇంత మౌలికమైన విషయంలోనే ఇంత తేడా ఉన్న పదార్థాన్ని 'ఎనర్జీ' అని ఒక్క మాటలో అమ్మడం సబబు కాదు. ఆ డబ్బా మీద 2007 పేపరు గురించి ఒక్క అక్షరం ఉండదు.

ఇంకా వాపు తగ్గించిందని, నొప్పి తగ్గించిందని 2010లో ఒక పేపరు వచ్చింది. చిట్టెలుకల్ని ఇరుకు గొట్టంలో బంధించి టెన్షన్ పెడితే వాటి కాలేయం దెబ్బతింటుంది, థియాక్రిన్ ఇస్తే ఆ దెబ్బ తగ్గిందని ఇంకొక పని. పార్కిన్సన్స్ తరహా జబ్బు తెప్పించిన జంతువుల్లో మెదడు కణాలకి కొంత రక్షణ కనిపించిందని మరొకటి. ఇవన్నీ మంచి పనులే. పరిశోధన ఇలాగే మొదలవుతుంది. అయితే చిట్టెలుక కాలేయానికి మేలు చేసింది కాబట్టి మన కాలేయానికి మంచిదని యూట్యూబ్‌లో చెప్పేవాళ్ళని నమ్మకండి. జంతువుల్లో బాగా పనిచేసి, మనుషుల దగ్గరికి వచ్చేసరికి నిలబడని పదార్థాల జాబితా చాలా పెద్దది.

ఇక మనుషుల దగ్గరికి వద్దాం. అందరూ చూపించే అధ్యయనం 2016లో అచ్చయింది. 60 మంది ఆరోగ్యవంతులైన ఆడవాళ్ళు, మగవాళ్ళు. కొందరికి మందు లేని ఉత్తుత్తి మాత్ర, కొందరికి రోజుకి 200 మిల్లీగ్రాములు, కొందరికి 300 మిల్లీగ్రాములు, ఎనిమిది వారాలు ఇచ్చారు. గుండె వేగంలో, రక్తపోటులో, రక్తపరీక్షల్లో భయపడాల్సిన మార్పు రాలేదు. ఎనిమిది వారాల చివర కూడా ప్రభావం మొద్దుబారినట్టు కనిపించలేదు. పద్ధతిగా చేసిన పనే. దాన్ని తక్కువ చేసి మాట్లాడను. కానీ 60 మందిని మూడు గుంపులు చేస్తే ఒక్కో గుంపులో ఇరవై మంది. వెయ్యి మందిలో ఒకరికి వచ్చే ప్రమాదం ఇరవై మందిలో కనపడదు. ఎనిమిది వారాల్లో రానిది రెండేళ్ళకి రావచ్చు. పైగా ఆ పదార్థాన్ని అమ్మే కంపెనీయే ఖర్చు పెట్టుకుంది. కంపెనీ డబ్బిస్తే అబద్ధమని కాదు. కంపెనీతో సంబంధం లేనివాళ్ళు మళ్ళీ చేసి అదే చూపించేదాకా సగం నమ్మకంతోనే ఉండాలి. మందుల విషయంలో మనం పాటించే నియమమే ఇది, పొడుల విషయంలో ఎందుకు సడలించాలి?

కండబలం సంగతి కూడా చూడండి. జిమ్ పిల్లలు ఇది బాగా వినాలి. 2019లో బరువులెత్తే అలవాటున్న 12 మంది మగవాళ్ళకి ఒకసారి థియాక్రిన్, ఒకసారి కెఫీన్, ఒకసారి రెండూ కలిపి, ఒకసారి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి చూశారు. ఎత్తిన బరువులో, ఓర్పులో, వేగంలో చెప్పుకోదగ్గ తేడా ఏమీ రాలేదు. కెఫీన్‌కి కూడా తేడా రాలేదు కాబట్టి, పరీక్ష చిన్నది కావడం వల్ల తేడా దొరకలేదని ఎవరైనా వాదించవచ్చు, ఆ వాదనలో న్యాయం ఉంది. కానీ ఆ పొడి మీద నువ్వు వేల రూపాయలు పెడుతున్నప్పుడు రుజువు చూపించాల్సిన బాధ్యత అమ్మేవాడిది, నీది కాదు.

ఇప్పుడు నేను మొదట చెప్పిన అంకె. మందు ఒంట్లో చేరాక దాని పరిమాణం సగానికి తగ్గడానికి పట్టే కాలాన్ని మేము అర్ధాయువు అంటాం. ఆరోగ్యవంతుడైన పెద్దమనిషిలో కెఫీన్ అర్ధాయువు సగటున అయిదు గంటలు. సాయంత్రం నాలుగింటికి 100 మిల్లీగ్రాముల కెఫీన్ ఉన్న కాఫీ తాగితే రాత్రి తొమ్మిదికి 50, తెల్లవారుజాము రెండింటికి 25 మిగులుతుంది. మనిషి మనిషికీ తేడా ఉంటుంది. సిగరెట్ తాగేవాళ్ళలో త్వరగా పోతుంది, గర్భిణుల్లో ఆఖరి నెలల్లో పదిహేను గంటల దాకా సాగుతుంది.

థియాక్రిన్ అర్ధాయువుని 2017లో ఎనిమిది మంది పెద్దవాళ్ళలో కొలిచారు. పదహారు గంటల నుంచి ఇరవై ఆరు గంటల దాకా వచ్చింది. మధ్యలో ఇరవై గంటలు అనుకుందాం. ఉదయం ఏడింటికి 200 మిల్లీగ్రాములు వేసుకున్న అబ్బాయి రాత్రి పదకొండింటికి పక్క మీద వాలేసరికి ఒంట్లో ఇంకా సుమారు 115 మిల్లీగ్రాములు ఉంటుంది. మర్నాడు ఏడింటికి మళ్ళీ వేసుకుంటాడు, నిన్నటిది ఇంకా 87 దాకా మిగిలి ఉండగానే. చిన్న చిల్లు ఉన్న కుండలో రోజూ ఒక చెంబు నీళ్ళు పోస్తే ఎలా ఉంటుందో ఇది అలాంటిదే. కారేది తక్కువ, పోసేది ఎక్కువ. కొన్ని రోజులు మట్టం పెరుగుతూ పోయి ఒక ఎత్తులో నిలుస్తుంది. అర్ధాయువు సరిగ్గా ఇరవై నాలుగు గంటలు ఉన్న మనిషికి లెక్క చాలా తేలిక. ఆ మట్టం నిలకడకి వచ్చాక, ప్రతి ఉదయం కొత్త మోతాదు వేసుకునే ముందు ఒంట్లో ఒక పూర్తి మోతాదు ఉంటుంది, వేసుకున్న వెంటనే రెండు మోతాదులు. డబ్బా మీద 200 అని ఉంటుంది, నువ్వు మోస్తున్నది 400.

ఇప్పుడు ఆలోచించండి. 'హుషారు దిగిపోయి కుదేలవడం ఉండదు' అని ప్రకటన చెబుతుంది. నిజమే కావచ్చు. ఎందుకు ఉండదు? ఆ పదార్థం దిగిపోవడం లేదు కాబట్టి. రాత్రింబవళ్ళు రక్తంలో ఉంటే దిగిపోవడానికి సమయం ఎక్కడుంది? ఇది నా అంచనా, కానీ అర్ధాయువు లెక్క తెలిసిన ఏ ఫార్మకాలజీ విద్యార్థి అయినా ఇదే అడుగుతాడు. మంచి గుణంగా చూపిస్తున్న దాని వెనకే నిద్రకి సంబంధించిన అసలు ప్రశ్న దాగి ఉంది. కెఫీన్ విషయంలో మనకి గట్టిగా తెలుసు. పడుకోవడానికి ఆరు గంటల ముందు 400 మిల్లీగ్రాములు తీసుకుంటే నిద్ర గంటకి పైగా తగ్గిందని 2013లో కొలిచి చూపించారు. నిద్ర తగ్గిందని తీసుకున్నవాళ్ళు పెద్దగా గుర్తించలేదు కూడా. నిద్ర బాగానే పట్టిందనుకుంటారు, మిషను గంట తక్కువ చూపిస్తుంది. అయిదు గంటల అర్ధాయువు ఉన్నదే ఇంత చేస్తే, దాని ఇంటిదే అయిన ఇరవై గంటల పదార్థాన్ని రోజూ తీసుకోమనే ముందు ఎంత జాగ్రత్త కావాలి?

ఇంకో సంగతి అదే 2017 పరీక్షలో ఉంది. థియాక్రిన్‌తో పాటు కెఫీన్ ఇచ్చినప్పుడు రక్తంలో థియాక్రిన్ మట్టం ఇంకా పెరిగింది. కెఫీన్ మట్టం మాత్రం థియాక్రిన్ వల్ల మారలేదు. థియాక్రిన్ అర్ధాయువు మారలేదు కాబట్టి, కెఫీన్ ఉన్నప్పుడు అది ఒంట్లోకి ఎక్కువగా చేరుతోందని అనుకోవాలి. బజార్లో ఉన్న పొడుల్లో ఈ రెంటినీ చాలాసార్లు కలిపే అమ్ముతారు. దానికి తోడు మన పిల్లలు పొద్దున ఇంట్లో కాఫీ, మధ్యాహ్నం క్యాంటీన్‌లో టీ, సాయంత్రం ఎనర్జీ డ్రింక్ తాగుతారు. మన దేశంలో ఎనర్జీ డ్రింక్‌లో లీటరుకి 300 మిల్లీగ్రాముల దాకా కెఫీన్ ఉండొచ్చని ఆహార భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధన. పావు లీటరు డబ్బాలో 75 దాకా అన్నమాట. ఇవన్నీ విడివిడిగా చూస్తే చిన్నవి, ఒకే ఒంట్లో కలిస్తే చిన్నవి కావు.

కెఫీన్ హద్దు ఎంత అని మీరు అడగాలి. మన హైదరాబాద్‌లోనే తార్నాక దగ్గర జాతీయ పోషకాహార సంస్థ ఉంది. అది 1918లో నీలగిరి టీ తోటల మధ్య, కూనూరులో మొదలై, 1958లో హైదరాబాద్‌కి వచ్చింది. వాళ్ళు 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో కెఫీన్ రోజుకి 300 మిల్లీగ్రాములు దాటొద్దన్నారు. 150 మిల్లీలీటర్ల డికాషన్ కాఫీలో 80 నుంచి 120, ఇన్‌స్టంట్ కాఫీలో 50 నుంచి 65, టీలో 30 నుంచి 65 ఉంటుందని లెక్క కూడా ఇచ్చారు. భోజనానికి గంట ముందూ గంట తర్వాతా టీ, కాఫీలు వద్దన్నారు, అవి ఐరన్ ఒంటపట్టకుండా అడ్డుకుంటాయి. రక్తహీనత ఇంతమంది ఆడపిల్లలకి ఉన్న చోట ఆ మాట ఊరూరా చెప్పాల్సింది. కెఫీన్‌కి ఇలా దశాబ్దాల లెక్కలున్నాయి, హద్దులున్నాయి, గర్భిణులకి వేరే హద్దుంది. థియాక్రిన్‌కి అలాంటి చరిత్ర లేదు. ఆ తేడాని గుర్తుపెట్టుకోండి.

విషగుణం సంగతి కూడా చెప్పి ముగిస్తాను. చిట్టెలుకల్లో సగం చనిపోయే మోతాదు కిలోకి సుమారు 810 మిల్లీగ్రాములని 2010 పేపరులో ఉంది. కెఫీన్‌తో పోలిస్తే అది చాలా ఎక్కువ, అంటే ఒక్కసారిగా తీసుకుంటే కెఫీన్ కంటే తక్కువ ప్రమాదకరం. అమ్మేవాళ్ళు దీన్ని చూపిస్తారు. కానీ ఒక్కరోజులో చంపకపోవడం వేరు, రోజూ తీసుకుంటే సురక్షితం కావడం వేరు. ఎలుకలకి 90 రోజులు రోజూ ఇచ్చి చూసిన పరీక్ష 2017లో వచ్చింది. కిలోకి 180 మిల్లీగ్రాముల దగ్గర చెడు కనిపించలేదు, అంతకు పై మోతాదుల్లో కనిపించింది. జన్యువులకి హాని చేస్తుందన్న సూచన రాలేదు. మనుషులు వేసుకునేది దానికి చాలా తక్కువ కాబట్టి ఇప్పటికిప్పుడు ఇది విషమని భయపెట్టడం నా ఉద్దేశం కాదు.

మరి యున్నాన్‌లో వాళ్ళు తాగుతూనే ఉన్నారు కదా అంటారు. తాగుతున్నారు, ఆకు మరిగించి. మూడు గ్రాముల ఆకులో ఉన్నదంతా నీళ్ళలోకి దిగిందనుకున్నా ఎనభై మిల్లీగ్రాముల చుట్టూ ఉంటుంది. నిజానికి అంతా దిగదు. చేదు వల్ల ఎవరూ వరసగా అయిదారు కప్పులు లాగించరు, నాలుకే హద్దు పెడుతుంది. క్యాప్సూల్‌కి రుచి లేదు, ఆ హద్దు అక్కడ పోయింది. ఒక ఊరివాళ్ళు తరాలుగా ఆకు తాగిన అనుభవం, మూడు కప్పుల సారాన్ని ఒక్క గుటకలో మింగే అలవాటుకి పూచీ ఇవ్వదు.

ప్రశ్నలుంటే అడగండి.

(ఒక విద్యార్థి: సార్, మా జిమ్‌లో చాలామంది వాడుతున్నారు, ఎవరికీ ఏమీ కాలేదు.)

గుండెపోటు రాలేదు అనే అర్థంలో ఏమీ కాలేదు, ఒప్పుకుంటాను. రాత్రి ఎన్ని గంటలు పడుకుంటున్నారో అడిగావా? వ్యాయామం వల్ల కండ పెరగాలన్నా శరీరం మరమ్మతు చేసుకోవాలన్నా నిద్ర కావాలి. అది ఒకటి. రెండోది, కొన్ని డబ్బాల మీద 'బ్లెండ్' అని రాసి మొత్తం బరువు ఒక్కటే ఇస్తారు, అందులో ఏది ఎంతో విడిగా రాయరు. అలాంటి దాన్ని కొనొద్దు. థియాక్రిన్ ఎంత, కెఫీన్ ఎంత అని విడివిడిగా రాయని డబ్బా గురించి నేనే కాదు, ఏ డాక్టరూ నీకు సలహా చెప్పలేడు.

(ఒక తల్లి: మా అమ్మాయి నీట్‌కి చదువుతోందండీ. రాత్రుళ్ళు మెలకువ కోసం ఇలాంటివి వాడొచ్చా?)

వద్దమ్మా. ఇందాక చెప్పిన పరీక్షలన్నీ పెద్దవాళ్ళ మీద చేసినవి, పదిహేడేళ్ళ పిల్లల మీద కాదు. దానికంటే ముఖ్యమైన కారణం ఇంకోటి ఉంది. పగలు చదివింది మెదడులో కుదురుకునేది నిద్రలోనే. రాత్రి రెండు దాకా కూర్చోబెట్టి నిద్ర తగ్గిస్తే చదివిన గంటలు పెరుగుతాయి, గుర్తుండేది తగ్గుతుంది. మీ అమ్మాయికి మధ్యాహ్నం మూడు లోపల ఒక టీ ఇవ్వండి, పరవాలేదు. రాత్రి పదకొండుకి లైటు ఆర్పించండి. కోచింగ్ వాళ్ళు ఇంకా కూర్చోబెట్టమంటే, నేను చెప్పానని చెప్పండి.

(వెనక వరసలో ఒక పెద్దాయన: బాబూ, నాకు యూరిక్ యాసిడ్ ఉంది. ఇందాక దీని పేరులో యూరిక్ యాసిడ్ అన్నారు.)

మంచి ప్రశ్న అడిగారండీ. పేరులో యూరిక్ యాసిడ్ ఉన్నా, దాని చుట్టూ నాలుగు మిథైల్ గుంపులు చేరడంతో ఇది వేరే పదార్థం అయిపోయింది. కీళ్ళలో గడ్డకట్టే యూరిక్ యాసిడ్ ఇది కాదు. అయినా ఆ పరీక్షల్లో తీసుకున్నది ఆరోగ్యవంతుల్నే, గౌట్, అంటే యూరిక్ యాసిడ్ వల్ల కీళ్ళు వాచే జబ్బు, ఉన్నవాళ్ళని కాదు. మీరు ఇంట్లో తాగే టీ తాగండి, డాక్టరు ఇచ్చిన మాత్ర మానకండి, ఈ పొడుల జోలికి వెళ్ళకండి. ఈ సందర్భంగా అందరికీ ఒక మాట. కెఫీన్‌ని ఒంట్లోంచి పంపేది కాలేయంలోని ఒక ఎంజైమ్. సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి యాంటిబయాటిక్ ఆ ఎంజైమ్‌ని అడ్డుకుంటుంది. ఆ మందు వాడుతున్న రోజుల్లో రోజూ తాగే కాఫీయే దడ పుట్టించవచ్చు. ఆస్తమాకి ఇచ్చే థియోఫిలిన్ కూడా కెఫీన్ బంధువే. మందులు వాడేవాళ్ళు పొడులూ క్యాప్సూల్సూ మొదలుపెట్టే ముందు ఆ డబ్బాని డాక్టరుకి చూపించాలి.

(ఇంకో విద్యార్థి: సార్, నేను రెండు నెలలుగా వాడుతున్నాను. రేపే మానేయనా?)

నిజం చెప్పినందుకు సంతోషం. థియాక్రిన్ ఒక్కటే ఉంటే రేపే మానేయొచ్చు, అది తనంతట తాను మూడు నాలుగు రోజుల్లో మెల్లగా దిగుతుంది. కానీ నీ డబ్బాలో కెఫీన్ కూడా ఉండి ఉంటుంది. అది ఒక్కసారిగా ఆపితే తలనొప్పి, చిరాకు, ఏ పనీ చెయ్యబుద్ధి కాకపోవడం వస్తాయి. అప్పుడు మళ్ళీ డబ్బా తెరుస్తావు. అందుకని ఈ వారం సగం స్కూపు, వచ్చే వారం రోజు మార్చి రోజు, ఆ తర్వాత ఆపేయి. ఈ రోజుల్లో వేరే ఎనర్జీ డ్రింకులు వద్దు, నీళ్ళు బాగా తాగు. గుండె దడ గానీ, ఛాతీలో నొప్పి గానీ వస్తే తగ్గించే లెక్కలు పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్ళు. సభ అయ్యాక ఆ డబ్బా లేబుల్ ఫోటో నాకు చూపించు. అందులో కెఫీన్ ఎన్ని మిల్లీగ్రాములో చూసి, ఎన్ని రోజుల్లో తగ్గించాలో కూర్చుని లెక్క వేద్దాం.